పాఠం వెనక తుమ్మెద

ఇంట్లో ఎన్ని చప్పుళ్ళున్నాయో లెక్క తేలాలంటే ఒక మైకు తెచ్చి బల్లమీద పెట్టుకోవాలి. అంతవరకూ మనకు వినిపించవు. ఇన్నేళ్ళుగా ఫ్రిజ్ పక్కనే నిలబడి వంట చేస్తున్నానా, అది మూలుగుతుందన్న సంగతి మొన్న వేసవిలో గాని నాకు తెలిసిరాలేదు. మన చెవులు మంచివి. అక్కర్లేనిదాన్ని వదిలేసి కావలసింది వింటాయి. మైకుకు ఆ మర్యాద తెలియదు. దానికి నా గొంతూ ఒకటే, ఫ్రిజ్ మూలుగూ ఒకటే.

నీకు మైకుతో ఏం పనమ్మా అని మీరడగొచ్చు. నాది పాడే గొంతు కాదు, సభల్లో మాట్లాడే అలవాటూ లేదు. మా చెల్లెలి కూతురు ఒకర్తి ఉంది. బుజ్జి అంటాం. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుతోంది. ఇంగ్లీషు పాఠాలకు దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఎన్‌వీడీఏ అని ఒకటుంది, ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు. అది తెలుగు కూడా చదువుతుంది. చిక్కల్లా మన పుస్తకాలతోనే. పాతవేమో పేజీపేజీకీ ఫోటో తీసి పెట్టినవి. దాని లెక్కలో అవి అక్షరాలు కావు, బొమ్మలు. కాస్త కొత్తవైతే యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చినవి. వాటిని చదవమంటే అది ఏ దేశభాషా కాని కూత కూస్తుంది. బొమ్మలోంచి అక్షరాలు ఏరితీసే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి గాని, మరకపడ్డ పాత కాగితంలో ఏది ఒత్తో, ఏది చీమ నలిగిన గుర్తో వాటికి తెలియదు.

"పెద్దమ్మా, నువ్వు చదివి పంపరాదూ?" అంది బుజ్జి. పద్నాలుగు పాఠాలు. వేసవిలో పరీక్షలు. పరీక్షలో అది నోటితో చెబుతుంటే పక్కన మరొకరు కూర్చుని రాస్తారు. అంటే చూడండి, దానికి చదువు చెవిలోంచి వెళ్ళి నోట్లోంచి బయటికి రావాలి. చెవిలో తప్పు పడితే కాగితం మీద తప్పే పడుతుంది. సరిచూసుకోవడానికి మధ్యలో పుస్తకం లేదు.

మా అబ్బాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళుతూ వదిలేసిన కంప్యూటరు ఒకటి మా ముందు గదిలో ఉంది. పెద్ద ఇనుప డబ్బా, దానిమీద నేనల్లిన క్రోషా గుడ్డ. ఇంత హంగామా ఎందుకు, ఫోన్లో చదివి పంపొచ్చుగా అన్నారు మావారు. అదీ చేశాను. ఇరవై నిమిషాల పాఠంలో మూడుసార్లు ఫోన్లొచ్చాయి. మూడింటిలో రెండు మా ఆడపడుచు. అందుకని డబ్బాకు ఒక చిన్న మైకు తగిలించి మొదటి పాఠం చదివి పంపించాను. గంటలో బుజ్జి ఫోను చేసింది.

"పాఠం మంచిగుంది పెద్దమ్మా. కాకపోతే నీ వెనకాల తుమ్మెద తిరుగుతుంది. ఎవరో ఇసుక కూడా చల్లుతున్నరు."

నేనూ విన్నాను. నిజమే. గుయ్‌మని ఆగకుండా ఒక మోత, దానిమీద సన్నగా సర్‌మని ఇసుక. నాకైతే ఆ పాటి చప్పుడు పెద్ద ఇబ్బంది అనిపించలేదు. కాని రోజుకు ఆరేడు గంటలు చెవుల్లో పెట్టుకుని వినేది అది గాని నేను కాదుగదా!

పక్కింటి కుర్రాడు వచ్చి, "దీనికేముందాంటీ, ఒక్క నొక్కుతో కడిగేస్తా"నన్నాడు. చప్పుళ్ళను తుడిచే సాఫ్ట్‌వేరు ఒకటి ఉందట. తుడిచాడు. తుమ్మెద పోయింది, ఇసుకా పోయింది. నా గొంతు మాత్రం గోళెంలో తలపెట్టి మాట్లాడినట్టు తయారైంది. సరేలే అని పంపిస్తే మర్నాడు బుజ్జి అడిగిన ప్రశ్న ఇది: "పెద్దమ్మా, ఇది శకలమా, సకలమా?"

శకలమంటే ముక్క. సకలమంటే అంతా. ఒక్క అక్షరంతో అర్థం ఆ కొసనుంచి ఈ కొసకు మారిపోయింది. ఎందుకిలా అయిందని ఆలోచిస్తే చిన్నప్పటి వ్యాకరణం గుర్తొచ్చింది. శ, ష, స, హ అనే నాలుగింటినీ ఊష్మాలంటారని చదువుకున్నాం గుర్తుందా? అవి గాలిని ఊదితే పుట్టే అక్షరాలు. మైకులో వచ్చే ఇసుక చప్పుడూ వినడానికి గాలి ఊదినట్టే ఉంటుంది. ఏది ఇసుకో ఏది 'స'యో ఆ సాఫ్ట్‌వేరుకు తేడా తెలియక, ఇసుకతోపాటు అక్షరాలనూ గీకి పారేసింది. బియ్యంలో రాళ్ళు ఎక్కువయ్యాయని చేటను గట్టిగా చెరిగితే నూకలన్నీ పోయినట్టు. చప్పుడు పడ్డాక తీయడం కాదు, పడకుండా చూడాలి. పడకుండా చూడాలంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి.

ఆ పట్టుకోవడం బుజ్జి చేసింది, నేను కాదు. హైదరాబాదులో కూర్చుని, కళ్ళతో ఒక్క తీగ చూడకుండా, నేరేడుచర్లలోని మా ఇంట్లో దొంగ ఎక్కడున్నాడో చెప్పింది. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది గనుక చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

"ముందు మైకును రెండు దిండ్ల మధ్యపెట్టి ఒక నిమిషం రికార్డు చెయ్. తర్వాత బయటికి తీసి ఒక నిమిషం. ఫ్యాను ఆపి ఒకటి. మౌసు అటూ ఇటూ జరుపుతూ ఒకటి. డబ్బా మీద చెయ్యి పెట్టి ఒకటి. ఏది ఏదో ముందు నోటితో చెప్పు" అంది. ఏమీ చదవకుండా నిమిషం చొప్పున మౌనాలు రికార్డు చేసి పంపించాను. ఏం పంపుతున్నావని మావారడిగితే "ఏమీ లేనిది" అన్నాను. ఇంత వయసొచ్చాక ఈవిడకు ఏమైందా అన్నట్టు చూశారు.

దిండ్ల కిటుకు చాలా తేలిక. దిండ్లలో పెట్టగానే చప్పుడు తగ్గిందంటే అది గదిలోది. తగ్గలేదంటే గదికి సంబంధం లేదు, తీగల్లోంచో డబ్బాలోంచో వస్తోందన్నమాట. మా తుమ్మెదా ఇసుకా దిండ్లను లెక్కచేయలేదు. ఫ్యాను మోత ఒక్కటే మెత్తబడింది. బుజ్జి ఇంకోటి కూడా పట్టుకుంది. మౌసు జరిపినప్పుడల్లా లోపల కిచకిచమని ఎలుకపిల్లల గోల ఉందట. మౌసు గదా మరి అని నేను నవ్వితే, "నవ్వకు పెద్దమ్మా, అది డబ్బాలోపలి గోల. మైకు ముందు వైపున పెట్టినవా, వెనకవైపా?" అంది.

ముందువైపే. అక్కడ గులాబీరంగు బెజ్జం చేతికందేలా ఉంటుంది గదా, అమ్మినతను అక్కడే పెట్టి చూపించాడు. ఆ బెజ్జం నుంచి సన్నటి తీగ ఒకటి డబ్బాలోపల కరెంటు పెట్టె పక్కనుంచి, ఫ్యాన్ల పక్కనుంచి ఊరేగింపుగా వెళ్ళి బోర్డుకు తగులుకుంటుంది. దారిలో ఉన్న గోలంతా అది మూటకట్టుకుంటుంది. వెనకవైపు బెజ్జమైతే నేరుగా బోర్డుమీదే ఉంటుంది. వెనక్కి మార్చగానే ఎలుకపిల్లలు చాలామట్టుకు అణిగాయి. పూర్తిగా పోవాలంటే డబ్బాలోని తీగలతో సంబంధమే ఉండకూడదంది. మిర్యాలగూడ వెళ్ళినప్పుడు మావారు యూఎస్‌బీ సౌండు కార్డు తెచ్చారు. చిటికెనవేలంత ఉంది, మూడు వందలైనా కాలేదు. గొంతును అంకెల్లోకి మార్చే పని డబ్బా బయటే అయిపోతుంది. అంకెలయ్యాక వాటికి ఎలుకల భయం లేదు.

ఇక ఇసుక. దీని సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఈ చిన్న మైకులు 1962లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు కనిపెట్టిన రకం. ఎలెక్ట్రెట్ అంటారు. మనం మాట్లాడితే అందులో పుట్టే కరెంటు వోల్టులో వెయ్యోవంతులు కొన్ని. గోడలోని కరెంటు 230 వోల్టులు. ఏనుగు పక్కన చీమ. ఆ చీమ అడుగుల చప్పుడు వినాలని కంప్యూటరు దాన్ని పెంచుతుంది. సెట్టింగుల్లో మైక్రోఫోన్ బూస్ట్ అని ఒకటుంటుంది. మా దాంట్లో అది ముందునుంచీ 30 డెసిబెళ్ళ మీద ఉంది. అంటే 30 రెట్లకు పైమాటే. నా గొంతును 30 రెట్లు పెంచితే, దాని కింద ఉన్న ఇసుకనూ 30 రెట్లు పెంచుతుంది. దానికి పక్షపాతం లేదని ముందే చెప్పానుగా! బూస్ట్ పదికి దించి, మైకును జానెడు దూరం నుంచి నాలుగు వేళ్ళ దూరానికి తెచ్చాం. దూరం సగమైతే గొంతు రెట్టింపు బలంతో చేరుతుంది, ఇసుక ఉన్నచోటే ఉంటుంది. పైసా ఖర్చులేని వైద్యం. అయితే మరీ నోటికెదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా ఎవరో తలుపు తన్నినట్టుంటుంది. బుగ్గకు ఎదురుగా, కొంచెం పక్కకు పెట్టుకోవాలి.

తుమ్మెద మాత్రం లొంగలేదు. దానికథ వేరు, కాస్త పెద్దది కూడా.

మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపే మైకులో చేరితే గుయ్‌మంటుంది. తంబూరా శ్రుతిలాగా అస్సలు మారదు. ఎలా చేరుతుంది? నేను డబ్బామీద చెయ్యి వేసిన నిమిషంలో తుమ్మెద గొంతు మారిందని బుజ్జి చెప్పింది. "పెద్దమ్మా, ఆ డబ్బాకు చెయ్యి తగిలితే ఎప్పుడన్నా జిల్లుమంటుందా?" అనడిగింది. అంటుంది. వెనక మరమేకులు తగిలితే చీమ కుట్టినట్టు ఉంటుంది. మా అబ్బాయి ఉన్నప్పుడూ అనేది. ఇంట్లో ఇనుప సామానుకు అది మామూలే అన్నట్టు ఉండిపోయాం. మీ ఇంట్లోనూ ఫ్రిజ్ తలుపో, గ్రైండరో, బట్టల మిషనో తడికాళ్ళతో ముట్టుకుంటే జిల్లుమంటూ ఉండొచ్చు. "చెప్పులేసుకో" అని చెప్పి ఊరుకునే మగవాళ్ళే ఎక్కువ.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. టెస్టరుతో అదీ ఇదీ చూసి, బోర్డు విప్పి, "మూడో రంధ్రం ఉన్నది గాని దాంట్ల వైరే లేదమ్మా. ఉత్తగ ఉన్నది" అన్నాడు. ఎంత మాట! ఇల్లు కట్టిన ఇన్నేళ్ళలో ఆ గదిలో మూడుకాళ్ళ ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ మూడోకాలు శూన్యంలో నిలబడి ఉందన్నమాట. ఆనాడు వైరింగు చేసినవాళ్ళు వంటింటి బోర్డుకు మాత్రం ఎర్తు ఇచ్చి, ముందుగదికి ఎగ్గొట్టారు. ప్లగ్గులో ఆ మూడోకాలు మిగతా రెంటికంటే పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా గమనించారా? ముందు అదే లోపలికి వెళ్ళాలి, చివరకు అదే బయటికి రావాలి. కరెంటు దారితప్పితే మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికి అదొక్కటే దారి.

కంప్యూటరు డబ్బాలో కరెంటు మలినాలను వడగట్టి భూమిలోకి వదిలే చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. భూమికి దారి లేకపోతే వచ్చిన వోల్టేజీలో దాదాపు సగం డబ్బా ఇనుముమీదే కూర్చుంటుంది. వెనకాల పారే కరెంటు అతిస్వల్పం గనుక జిల్లుమని వదిలేస్తుంది. మైకు తీగ కూడా ఆ డబ్బాకు కట్టిందే గనుక తుమ్మెద అందులోకి దిగుతుంది. అయితే జిల్లుమన్నవన్నీ ఇంత అమాయకమైనవని అనుకోకండి. లోపల తీగ తొడుగు చిట్లి ఇనుముకు తగిలినా మొదట్లో జిల్లుమనే అంటుంది. చెప్పులేసుకుని ఊరుకోకుండా ఒకసారి చూపించండి. మరో మాట. మూడోకాలు పీకేసి రెండుకాళ్ళ ప్లగ్గు పెడితే గుయ్ పోతుందని సలహా చెప్పేవాళ్ళుంటారు. కొన్నిచోట్ల పోతుంది కూడా. ఆ సలహా పొరపాటున కూడా వినవద్దు. చప్పుడు పోయి ప్రాణం మీదికొస్తుంది.

అతను పచ్చతీగ లాగి ముందుగదికి ఎర్తు ఇచ్చాడు. పెరట్లో ఉన్న ఎర్తు గుంట మూత తీసి చూస్తే అడుగంటా ఎండిపోయి ఉంది. గొట్టం చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా వేసి పూడ్చిన గుంట అది. తడి ఉంటేనే భూమి కరెంటును పుచ్చుకుంటుంది, మన ఎండలకు అది రాయిలా బిగుసుకుపోతుంది. "వేసవిల రెండు బిందెల నీళ్ళు పొయ్యిండ్రి" అని చెప్పి వెళ్ళాడు. పోశాను. సాయంత్రం రికార్డు చేసి వింటే తుమ్మెద ఎక్కడో పొలిమేరల్లో ఉంది. ఆ మిగిలిన కాస్తా మైకు తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగలతో పెనవేసుకుని ఉండటం వల్ల. రెంటినీ విడదీసి చెరో గోడకు వేస్తే అదీ పోయింది.

అమ్మయ్య అనుకున్నాను. తీగల సంగతి అయిపోతే ఇక గది సంగతి ఉందిగా! మాది మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్ళే రోడ్డుమీది ఊరు. 1967లో సాగర్ ఎడమకాలువకు నీళ్ళొదిలాక ఈ చుట్టుపక్కలంతా వరి, వరితోపాటు మిల్లులు. కోతలప్పుడు ట్రాక్టర్లకు రాత్రీపగలూ లేదు, వాటిమీది పాటలకు అసలే లేదు. పగలు చదవడం కుదరని పని. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ఆరుదాకా కొంచెం సందు దొరుకుతుంది. ఫ్యాను ఆపాలి. కొన్ని రెగ్యులేటర్లు ఫ్యాను నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటులోకే గరగర ఎక్కిస్తాయి, కాబట్టి చిన్న స్పీడులో పెట్టుకుందామన్నా లాభం లేదు. ఫ్రిజ్ ఆపి, మళ్ళీ వెయ్యడం మరిచిపోకుండా తాళంచెవి తీసి ఫ్రిజ్ మీద పెట్టుకునేదాన్ని. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకుంటే ఇక పుస్తకం మూసెయ్యడమే. మా ఇన్వర్టరు చౌకరకం. అది ఇచ్చే కరెంటు అల నున్నగా కాక మెట్లుమెట్లుగా ఉంటుందట. తుమ్మెద స్థానంలో కందిరీగ వస్తుంది.

గోడలు బోసిగా ఉంటే మాట గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది, బావిలో మాట్లాడినట్టుంటుంది. రేడియో స్టూడియోల గోడలకు చిల్లుల పలకలు ఊరికే పెట్టరు. మాకు పలకలెక్కడివి? బీరువా తలుపులు బార్లా తీసి, చీరల మడతలకెదురుగా కుర్చీ వేసుకున్నాను. వెనక దండెం మీద రెండు బొంతలు. పాత నేతచీరలు ఆరేడు పొరలు వేసి మా అత్తగారు కుట్టిన బొంతలవి. చప్పుడు తాగడంలో వాటికి సాటి లేదు. పట్టుచీరలు చూడ్డానికే గాని ఈ పనికి పలచన.

మే నెలలో, ఫ్యాను లేకుండా, బొంతలమధ్య, తెల్లవారుజామున పాఠం చదవడమంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అంతకంటే కష్టమైంది మావారితో "చప్పుడు చెయ్యకండి" అనడం. మా అబ్బాయి పరీక్షలప్పుడు ఇల్లంతా ఊపిరి బిగబట్టి తిరిగాం. ఆయన ఆఫీసు లెక్కలు రాసుకునేటప్పుడు కుక్కరు విజిల్ రాకుండా పట్టుకారుతో ఎత్తిపట్టుకున్న రోజులున్నాయి. నా పనికోసం ఇల్లు ఊరుకోవాలని నేనడగడం ఇదే మొదటిసారి. అడిగేసరికి ఆయనకంటే నాకే వింతగా ఉంది. "మీ ఆకాశవాణి ఎంతసేపు?" అన్నారు గాని, పాపం, మర్నాటినుంచి టీవీ వార్తలు ఆరు దాటాకే పెట్టారు.

మొదటి పాఠం మళ్ళీ మొదటినుంచి చదివి పంపించాను. బుజ్జి మధ్యాహ్నానికి ఫోను చేసింది.

"తుమ్మెద లేదు పెద్దమ్మా. ఇసుక కొంచెం ఉంది, ఉండనియ్. శకలం శకలమే అయింది. పద్నాలుగో నిమిషంల పెదనాన్న చెప్పులేసుకుని బయటికి పోయిండు."

"ఇబ్బందిగా ఉందా? అక్కడికి మళ్ళీ చదవనా?"

"వద్దు, పాఠానికేం అడ్డం రాలేదు. నువ్వు మాత్రం ఇంకొంచెం నెమ్మదిగా చదువు. స్పీడు కావాలంటే నేను పెంచుకుంటా."

ఇప్పటికి మూడు పాఠాలయ్యాయి. నాలుగోది పొడుగు, సమాసాలెక్కువ. పొద్దున్నే తులసికి చెంబెడు నీళ్ళు పోసి, పక్కనున్న ఎర్తు గుంటకు బిందెడు పోస్తున్నాను.